దారం కట్టిన కాయ

పోయిన వారం లేత్ మేస్త్రీని తోట గేటు దగ్గరే వదిలేసి వచ్చాం. చెయ్యి గడియ మీద ఉంది, కాలు మాత్రం లోపలికి పడడం లేదు. ఎందుకు పడడం లేదో మనకు తెలుసు, ఆయనకు తెలుసు. లోపల రేకుల షెడ్డులో ఆయన కోసం ఎదురుచూస్తున్న వాళ్లకే తెలియదు. మధ్యలో చేరిన వాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పుకుని ముందుకు పోదాం.

పాత నీళ్ల ట్యాంకు వెనక పదహారు మడుల తోట అది. పదహారు ఇళ్లవాళ్లు చేసుకుంటారు. కొన్న విత్తనం వేయకూడదని రూలేమీ లేదు గానీ, వేసినవాడిని మిగతావాళ్లు చూసే చూపొకటి ఉంటుంది. ఒక్కో రకం టమాటాకు ఒక్కో తల్లిమడి. ఆ మడిలో మొదటి గుత్తి మొగ్గ విచ్చకముందే పలచటి గుడ్డ సంచి తొడుగుతారు. పక్క మడి పువ్వు మీద వాలిన ఈగ దీని మీద వాలకుండా. పిందె పడ్డాక సంచి తీసి, కాడకు ఎర్ర దారం కడతారు. దారం కాయను ఎవరూ తినరు. అది పండేదీ, కోసేదీ గింజల కోసమే. ఆ గింజలు పొట్లం కట్టి, పైన మూడు ముక్కలు రాస్తారు. ఏ రకం, ఏ మడి, ఎవరి చేతి. చివరిది కాయ కోసినవాళ్ల పేరు. అక్కడి నుంచి అందరికీ పంపకం.

మేస్త్రీ వాళ్ల అన్న బతికున్నంత కాలం ఆ తోట ఆ అన్న మాట మీదే నడిచింది, అందరి పొట్లాలుండే విత్తనాల పెట్టె కూడా ఆయన ఇంట్లోనే ఉండేది. రెండో మడి అన్నది, మూడోది తమ్ముడిది. అన్న మడిలో పెరిగేది అరల టమాటా. అరచేతికి నిండుగా వచ్చే కాయ, ఒళ్లంతా మడతలు, తొడిమ చుట్టూ ఎంత పండినా పోని పచ్చదనం. అడ్డంగా కోస్తే లోపల తొమ్మిది అరలు. చూసినవాడెవడూ దాన్ని ముట్టుకోడు, తిన్నవాడెవడూ ఇంకోదాన్ని ముట్టుకోడు.

నాలుగేళ్ల కిందట అన్న ఆస్పత్రిలో పడ్డాడు. వారం రోజులు నోట్లో ఏమీ పెట్టలేదు. ఒక సాయంత్రం, "ఒరే, మన టమాటా ఒక్క ముక్క తినాలనుందిరా" అన్నాడు. తమ్ముడు తోటకు పరుగెత్తాడు. ఆ పూటకు మడి మొత్తం మీద పండినది ఒక్కటే కాయ. దానికి దారం ఉంది.

దారం విప్పి కోసుకెళ్లాడు. అంతవరకు తప్పు లేదు. చెప్పేస్తే సరిపోయేది. కానీ అన్న నాలుక సంగతి ఆయనకు తెలుసు. "నీ చేతికి ఇనుపరజను తప్ప మట్టి అంటదురా" అని నలుగురిలో అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. అందుకే ముక్క నములుతూ అన్న, మడిలో దారం కాయ ఎలా ఉందని అడిగితే, బాగుందన్నాడు. తిరిగొచ్చి అదే దారాన్ని చివరి మొక్కకున్న ఇంకో కాయకు కట్టాడు. ఆ కాయ సంచి తొడిగిన పూతది కాదు. ఆ మొక్క ఆకులు ఈయన మడిలోని హైబ్రిడ్ మొక్కల ఆకులతో చేతులు కలిపి ఉన్నాయి. ఆ గింజలే కడిగి, ఆరబెట్టి, దారం కాయ గింజలని పొట్లం కట్టి వదిన చేతికిచ్చాడు. అన్న పోయిన ఏడు పదహారు ఇళ్లకూ పంచింది అవే.

పాతవి మిగలలేదా అంటారా? పాత గింజ పెట్టెలో ఉంటే కొత్తదాని మీద భయం ఉండదని, అన్న ఏటా మిగిలిన గింజలన్నీ ఊడ్చి పంచేసేవాడు. గొప్ప సూత్రమే. మనిషి బాగున్నంత కాలం అన్ని సూత్రాలూ గొప్పవే.

మరుసటి ఏడు సగం మొక్కలకు నున్నటి గుండ్రటి కాయలు వచ్చాయి. ఆ పై ఏడు అడ్డదిడ్డంగా, ఇంట్లో నలుగురు పిల్లలు నాలుగు ఊళ్ల నుంచి వచ్చినట్టు. అందరూ మొహాలు చూసుకుంటుంటే మొదటి మాట అన్నది మేస్త్రీయే. "వదిన పెట్టెలో పొట్లాలు కలిసిపోయి ఉంటాయి" అన్నాడు. ఒక్క మాట. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఈయన తొక్కిన అడుసు వదిన కాళ్లకు అంటింది. ఈ ఆదివారం విత్తనాల పెట్టె ఆవిడ దగ్గర్నుంచి తీసేసుకోవాలని అందరూ చేరారు.

అదీ సంగతి. ఇప్పుడు గడియ తీద్దాం.

షెడ్డులో పొడుగాటి బల్ల చుట్టూ పదిమందికి పైనే ఉన్నారు. పెద్దరికం బస్సు డ్రైవరుగారిది. ఉద్యోగం మానేసి ఆరేళ్లయినా, ఎవరైనా ఆలస్యంగా వస్తే చేతి గడియారం చూసుకునే అలవాటు పోలేదు. మేస్త్రీని చూసి గడియారం చూసుకున్నాడు. ఆయన పక్కన టైలరమ్మ. పసుపు టమాటాకు తల్లిమడి ఆవిడదే. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని పేరు. ఈ రోజు మాత్రం నోరు బిగించుకుని కూర్చుంది.

బల్లకు ఆ చివర వదిన. ముందు పాత బిస్కెట్ల రేకు పెట్టె. దాని మీద రెండు చేతులూ పెట్టుకుంది, చలికాలం పొయ్యి మీద చేతులు కాచుకున్నట్టు. మేస్త్రీ లోపలికి వచ్చినప్పుడు తలెత్తి చూసి, మళ్లీ పెట్టె వైపు తిప్పుకుంది. మూడేళ్లుగా ఆవిడ ఆయనతో మాట్లాడదు. పలకరిస్తే తల ఊపుతుంది. అన్న పోయిన దుఃఖమని మొదట్లో అనుకున్నాడు. తర్వాత తను అన్న మాట ఆవిడ చెవిన పడిందనుకున్నాడు. అసలు కారణం ఆయన ఊహకు రాలేదు.

డ్రైవరుగారు సంచిలోంచి ఐదు కాయలు తీసి వరుసగా పెట్టి కోశాడు. అన్నీ అరల టమాటా పొట్లంలోంచి మొలిచినవే. ఒకదాంట్లో మూడు అరలు. ఒకదాంట్లో రెండే. ఐదో దాంట్లో ఐదున్నాయి గానీ గుజ్జు నీళ్లు. దాన్ని నాలుక మీద పెట్టుకుని, ఇది టమాటాయా లేక టమాటా చనిపోయాక వచ్చిన దయ్యమా అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. వదిన పెట్టె మీది చేతులు కదల్లేదు.

తర్వాత ఆయన మెత్తగానే మాట్లాడాడు. ఎవరినీ తప్పు పట్టడానికి రాలేదన్నాడు. తప్పు పట్టడానికి వచ్చినవాళ్లందరూ మొదట చెప్పేది అదే. పెద్దాయన చెయ్యి వేరు, అందరి చెయ్యీ అలా ఉండదు, ఒంటరిగా ఉన్న మనిషికి ఇల్లూ పెట్టే రెండూ చూసుకోవడం భారమే, ఇలా కాసేపు మాటలతో మెత్తలు వేశాడు. టైలరమ్మ పెదవి విప్పి, నా పసుపు గింజలు కూడా ఆ పెట్టెలోనే ఉన్నాయి, వాటికేమీ కాలేదు గదా అంది. డ్రైవరుగారు ఆ మాట వినిపించుకోలేదు. అసలు విషయానికి వచ్చాడు.

"పెట్టె ఆ ఇంట్లోంచి బయటికి పోనక్కర్లేదు. ఇంటి మనిషే ఉన్నాడు కదా. మేస్త్రీ, నువ్వు తీసుకో. వెంట్రుకంత తేడా కనిపెట్టే చెయ్యి నీది. మొట్టమొదట ఈ తేడా పసిగట్టింది కూడా నువ్వే."

వదిన పెట్టె మీంచి చేతులు తీసి, ఒక్క వేలితో దాన్ని బల్ల మీద ముందుకు తోసింది. అది కీచుమంటూ ఒకరి ముందు నుంచి ఒకరి ముందుకు, చేతులు మారుతూ వచ్చి మేస్త్రీ ఎదురుగా ఆగింది. మూత మీద అన్న రాత. "తడి చేత్తో ముట్టుకోకండి."

మేస్త్రీ చేతులు తడిగానే ఉన్నాయి. చెమట.

ముప్పై ఏళ్లు ఇనుము కోసే లేత్ మిషను మీద నిలబడిన మనిషి. ఐదో తరగతిలో బడి మానేసిన రోజు నుంచి ఇనుము తప్ప ఇంకో పాఠం చదవలేదు. ఆ ఇనుము నేర్పింది ఒకటే. తక్కువ కోస్తే మళ్లీ కోసుకోవచ్చు. ఎక్కువ కోశావా, తీసిన రజనంతా పోగుచేసి తెచ్చినా ముక్క మళ్లీ ముక్క కాదు. అందుకే కోసే ముందు రెండుసార్లు కొలవమని కుర్రవాళ్లను తిడుతుంటాడు. తన నోరు విషయంలో ఒక్కసారి కూడా కొలవలేదు.

పెట్టె తీసుకుంటే అయిపోతుంది. ఇంకెవరూ ఎప్పటికీ అడగరు. ఆ సుఖం ఎంత దగ్గరగా ఉందంటే, ఆయన చెయ్యి నిజంగానే మూత దాకా వెళ్లింది. అన్న రాత మీద వేలు తగలగానే ఆగిపోయింది.

"వదిన కలపలేదు" అన్నాడు. ఎవరికీ సరిగ్గా వినపడలేదు. గొంతు సవరించుకుని మళ్లీ అన్నాడు. "పొట్లాలేవీ కలవలేదు. నేనిచ్చిన గింజలే దారం కాయవి కావు. దారం కాయ అన్న తినేశాడు. నేనే కోసుకెళ్లి పెట్టాను."

ఇక ఆగలేదు. పండిన కాయ ఒక్కటే ఉండడం, దారం విప్పడం, అన్నకు అబద్ధం చెప్పడం, అదే దారం చివరి మొక్కకు కట్టడం, పక్కన తన హైబ్రిడ్ మొక్కలుండడం, అన్నీ వరసగా చెప్పాడు. చెప్తున్నప్పుడు ఎవరి మొహమూ చూడలేదు. కోసిన ఐదు కాయలనే చూశాడు. చివర, వదిన పెట్టెలో కలిసిపోయి ఉంటాయని తను అన్న మాట తెలిసి తెలిసి అన్నదేనని కూడా చెప్పాడు. అన్నిటికంటే అది చెప్పడమే కష్టమైంది. కాయ కోయడానికి ఒక కారణం ఉంది. ఆ మాటకు లేదు.

షెడ్డు పైరేకు ఎండకు టపటపమంటోంది. డ్రైవరుగారు కత్తిని గుడ్డతో తుడిచి, తుడిచిందే మళ్లీ తుడిచాడు.

"గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నవాణ్ణి చూశాను" అన్నాడు చివరికి. "దొంగతనం చేసి ఇన్నేళ్లు పక్కవాళ్ల భుజాలు తడిమినవాణ్ణి ఇప్పుడే చూడటం."

 అందులో మేస్త్రీకి అబద్ధమేదీ కనిపించలేదు. ఆయన ఎదురుచూస్తున్నది బల్ల ఆ చివర నుంచి వచ్చే మాట కోసం. తిడుతుందనుకున్నాడు. ఏడుస్తుందేమోననుకున్నాడు. వదిన రెండూ చేయలేదు. బస్సు కోసం నిలబడిన మనిషి, రావలసిన బస్సు ఎప్పటికో వచ్చిందని తెలుసుకుని కూడా కదలనట్టు కూర్చుంది.

"ఆయన తిన్న సంగతి నాకు తెలుసు" అంది.

మేస్త్రీ తలెత్తాడు.

"ఆయనకూ తెలుసు. దారం విప్పావు గానీ, కాడ మీద దారం ఒత్తిన గీత ఉండిపోయింది. నువ్వు గది బయటికి వెళ్లగానే నాకు చూపించాడు. నవ్వుకున్నాడు కూడా. నా కోసం దారం కాయే కోసుకొచ్చాడే వాడు, నేను తిడతానని చెప్పలేక చస్తున్నాడు అన్నాడు."

వెంట్రుకంత తేడా కనిపెట్టే మేస్త్రీకి ఆ గీత కనపడలేదు.

వదిన ఇప్పుడు మరిదితోనే మాట్లాడుతోంది. చుట్టూ ఉన్నవాళ్లు ఉన్నట్టే లేదు ఆవిడకు. రెండు ముక్కలే తిన్నాడట అన్న. మిగతాదాంట్లో గింజలన్నీ గోటితో తీసి, ఆస్పత్రి వాళ్లు చేతులు తుడుచుకోవడానికిచ్చే కాగితం మీద వరసలుగా పేర్చాడట. ఆరు రోజులు కిటికీ గట్టు మీద ఎండబెట్టించాడట. నర్సు తీసి పారేయబోతే గొడవపెట్టుకున్నాడట. ఆ ఓపికలో సగం తిండి మీద పెట్టి ఉంటే ఇంకో వారం బతికేవాడేమో అంది, కోపంగా కాదు, మామూలుగానే.

"ఎండాక కాగితం మడిచి నీ స్టీలు డబ్బాలోనే పెట్టాడు. నువ్వు కాయ తెచ్చావే, ఆ డబ్బా. నీ చేతికి నేనే ఇచ్చాను, ఆస్పత్రి మెట్ల దగ్గర. ఇంటికెళ్లి డబ్బా కడుక్కోవడానికి తీస్తాడు, చూస్తాడు, వాడే వచ్చి చెప్తాడు, నువ్వు మాత్రం అడగొద్దు అన్నాడు. అడగలేదు. నువ్వు పొట్లం తెచ్చిచ్చినప్పుడు ఆ గింజలేననుకున్నాను. తర్వాత కాయలు చూశాక తెలిసింది కావని." కోసిన కాయల వైపు చూసింది. "మంచివి దాచుకుని నాకు చెత్త ఇచ్చావనుకున్నాను. పెట్టె కోసం."

"నేను డబ్బా తెరవలేదు వదినా."

"తెరవలేదా?"

"మర్నాడే అన్న పోయాడు. ఆ డబ్బా చూస్తే చాలు, నేను చెప్పిన అబద్ధమే కనపడేది. కడగలేదు. అటక మీద పడేశాను."

వదిన ఆయన్ను చాలాసేపు చూసింది. మూడేళ్లలో అంతసేపు చూడటం అదే మొదలు. ఆ చూపులో కోపం లేదు గానీ, కోపమే నయమనిపించింది ఆయనకు. ఆవిడ ఆ మూడేళ్లనూ వెనక్కి తిరిగి చూసుకుంటోంది. వీధిలో ఎదురైనప్పుడు తల తిప్పుకున్న రోజులు, ఈయన మోకాలు దెబ్బతిని మంచాన పడితే గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయిన రోజు. ఒక ముసలాయన మంచితనానికి ఇద్దరు మాటలు రాని మనుషులు కాపలా కాశారు. ఫలితం ఇదిగో, బల్ల మీద ఐదు ముక్కలై పడి ఉంది.

"నేనొక్కసారి అడిగి ఉంటే" అంది. 

టైలరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. టమాటా గింజ సరిగ్గా ఎండితే నాలుగేళ్లేమిటి, ఆరేళ్లు కూడా మొలుస్తుందని, తను మొలిపించానని గబగబా చెప్పింది. తడి తగిలితే మాత్రం బూజేనని డ్రైవరుగారు అన్నాడు. అని, ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఆయనకే తోచినట్టుంది, పెట్టెను మేస్త్రీ ముందు నుంచి తీసి బల్ల మధ్యలో పెట్టాడు. ఎవరికీ దగ్గర కాదు, ఎవరికీ దూరం కాదు.

"వెళ్లి తీసుకురా" అంది వదిన. "పొద్దు వాలేదాకా ఇక్కడే ఉంటాను."

మేస్త్రీ ఇల్లు తోట నుంచి పది నిమిషాల నడక. ఆ రోజు దారి పొడుగైందో ఆయన వయసే పెరిగిందో, దారిలో రెండుసార్లు గోడ పట్టుకుని ఆగాడు. ఆరు రోజులు ఎండబెట్టాడు, తడి ఉండదు అని మొదటిసారి అనుకున్నాడు. మూత సరిగ్గా పెట్టానో లేదో అని రెండోసారి.

భార్య అప్పుడే ఇంటికి వచ్చినట్టుంది, గుమ్మం పక్కన కుళాయి దగ్గర చెప్పులు కడుక్కుంటోంది. ఆదివారాలు ఆవిడ అక్క ఇంటికి వెళ్తుంది. అన్న పోయినప్పటి నుంచి తోట వైపు రాదు. అక్క ఉండేది మూడో అంతస్తులో, చెప్పులకు ఎర్రమట్టి ఎక్కడిదని ఈయన ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడం ఆ ఇంటి అలవాటు.

అటక మీద ఒక వస్తువుంది, స్టూలు పట్టుకోమన్నాడు. ఆవిడ చేతులు చీరకు తుడుచుకుని వచ్చి పట్టుకుంది.

విరిగిన ఫ్యానూ, పాత పరుపూ, రంగు డబ్బాలూ జరిపితే గోడ మూలన తగిలింది. స్టీలు డబ్బా. అటక మీద అన్నిటి మీదా వేలెడు దుమ్ము ఉంది. డబ్బా మీద అంత లేదు. ఆయన అది గమనించే స్థితిలో లేడు. స్టూలు మీద నిలబడే మూత తీయబోయాడు. రాలేదు. బొటనవేళ్లతో కుడివైపు నొక్కాడు, గోళ్లు నొప్పెట్టేలా లాగాడు. కదల్లేదు.

"ఎడమవైపు నొక్కండి" అంది భార్య కింద నుంచి. "అది అటునుంచే వస్తుంది."

ఎడమవైపు నొక్కాడు. వచ్చింది.

లోపల మడత పెట్టిన కాగితం. బూజు లేదు, తడి లేదు. మడత విప్పాడు. పైన అన్న చేతిరాత. వణికిన అక్షరాలు కూడబలుక్కుని చదువుకున్నాడు.

"అరల టమాటా. రెండో మడి. తమ్ముడి చేతి."

చదివినచోటే కళ్లు ఆగిపోయాయి. మళ్లీ చదివాడు. ఆ మూడో మాటను వేలితో తడిమాడు. కళ్లు తుడుచుకున్నాక కిందికి చూశాడు. గింజల వరసలు నాలుగు. కింది రెండు వరసల్లో గింజలు ఎండి, బొద్దుగా, కాగితానికి అంటుకుని ఉన్నాయి. పై రెండు వరసల్లో గింజలు లేవు. గింజ ఉన్నచోటల్లా కాగితం గుండ్రంగా, నూగులేచి ఉంది. కాగితానికి అంటుకున్న టమాటా గింజను గోటితో ఒలిస్తే అలాగే లేస్తుంది. ఒక్కొక్కటీ జాగ్రత్తగా, ఎవరో తీరిగ్గా కూర్చుని ఒలిచారు.

స్టూలు మీంచి కిందికి చూశాడు. భార్య రెండు చేతులతో స్టూలు గట్టిగా పట్టుకుని, తల వంచుకుని నిలబడి ఉంది. కడిగినా గోళ్ల సందుల్లో ఎర్రమట్టి పోలేదు.

ఏం దొరికిందని ఆవిడ అడగలేదు.